క్షమకు అధికారి ఎవరు?

ఇస్లాం ప్రస్తావన వచ్చినప్పుడు ఆస్తిక గోష్ఠులలో ఒక ఆక్షేపం తప్పక వినిపిస్తుంది. ఆ మతం చెప్పే దైవం త్రాసు పట్టిన న్యాయాధిపతి మాత్రమేనని, అక్కడ దండనీతి ఉన్నదే గాని దయ లేదని, కంటికి కన్ను తీయవచ్చునన్న శాసనానికీ కారుణ్యానికీ పొత్తు కుదరదని దాని సారాంశం. శ్రీనివాసుని దయనే దేవీరూపంగా భావించి వేదాంత దేశికులు రచించిన దయాశతకాన్ని నిత్యపారాయణగా పెట్టుకున్న భక్తునికి ఈ ఆక్షేపం సహజంగానే రుచిస్తుంది. రుచించినంత మాత్రాన అది సత్యం కానేరదు.

పూర్వపక్షాన్ని దాని అత్యంత బలమైన రూపంలో నిలిపి, ఆ పిమ్మటనే ఖండనకు పూనుకోవాలన్నది భారతీయ శాస్త్రకారులు తమకు తాము విధించుకున్న నియమం. సాంఖ్యుల విషయంలోనూ, బౌద్ధుల విషయంలోనూ పాటించిన ఆ నియమాన్ని ఇస్లాం దగ్గరకు వచ్చేసరికి గాలికి వదిలివేయడం పాండిత్యం అనిపించుకోదు. కనుక ముందుగా ఆ ఆక్షేపాన్నే పూర్ణబలంతో నిలబెట్టవలసి ఉంది.

బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయం మొదటి పాదంలోని 34వ సూత్రం ఈశ్వరునిపై రెండు దోషాలను ఆశంకించి పరిహరిస్తుంది. ఒకటి వైషమ్యం, అనగా పక్షపాతం. రెండవది నైర్ఘృణ్యం, అనగా దయాహీనత. ఒకరిని సుఖులుగా, మరొకరిని దుఃఖులుగా సృష్టించినవానికి ఈ రెండు దోషాలూ అంటవా అన్నది శంక. జీవుల కర్మను అపేక్షించియే ఈశ్వరుడు ఫలమిస్తాడన్నది సమాధానం. శంకర భగవత్పాదులు అక్కడ వర్షాన్ని దృష్టాంతంగా చూపుతారు. వాన అన్ని పైరులకూ సమానమే. వరి వరిగాను, యవ యవగాను పండడం బీజభేదం వల్ల. ఇస్లాంలో పునర్జన్మ లేదు, ప్రాగ్జన్మ కర్మ లేదు. ఉన్నది ఒకే జన్మ, ఒకే తీర్పు దినం. ఈ సమాధానం అక్కడ లభించదు. కాబట్టి అల్లాహ్ కఠినంగా శిక్షిస్తే నైర్ఘృణ్యం, తాను తలచినవారిని మాత్రమే క్షమిస్తే వైషమ్యం. రెండు దోషాలలో ఏదో ఒకటి అంగీకరించక తప్పదు. ఇదీ ఆక్షేపం యొక్క నిజమైన బలం.

ఈ ప్రశ్న ముస్లిం దార్శనికులకు తెలియనిది కాదు. తమను తాము న్యాయ, ఏకత్వ వాదులుగా పిలుచుకున్న ముతజిలీలు ఈశ్వరుడు న్యాయానికి విరుద్ధంగా ప్రవర్తించడం అసంభవమని వాదించారు. వారిలో ఒకడిగా పెరిగి, తరువాత వారిని విడిచి ఎదురు నిలిచినవాడు బస్రాకు చెందిన అబుల్ హసన్ అల్ అష్అరీ. అతడు గురువైన అల్ జుబ్బాయీని ముగ్గురు సోదరుల గురించి ప్రశ్నించాడని ఒక ప్రసిద్ధమైన కథ ఉన్నది. ఒకడు పుణ్యం చేసి స్వర్గం చేరాడు, ఒకడు పాపం చేసి నరకం చేరాడు, ఒకడు శైశవంలోనే మరణించాడు. నాకు పుణ్యం చేసే ఆయువు ఎందుకు ఇవ్వలేదని శిశువు అడిగితే, పెరిగితే పాపివి అవుతావని తెలిసి ముందే తీసుకువెళ్ళానని దైవం అనవచ్చు. అప్పుడు నరకంలోని సోదరుడు, నన్ను కూడా శైశవంలోనే ఎందుకు తీసుకువెళ్ళలేదని అడిగితే? గురువు వద్ద సమాధానం లేకపోయిందట. అష్అరీ సంప్రదాయం దైవేచ్ఛను ఏ మానవ న్యాయసూత్రానికీ కట్టివేయరాదన్న నిర్ణయానికి వచ్చింది. కర్మ సిద్ధాంతం ఎరిగిన పాఠకునికి ఈ వాదం అసంపూర్ణంగా తోచవచ్చు. తోచడంలో తప్పు లేదు.

అయితే ఇస్లాంలో దయకూ న్యాయానికీ గల సంబంధాన్ని దార్శనికుల వాదప్రతివాదాలలో మాత్రమే వెదకడం దోషం. దానికి సమాధానం ధర్మశాస్త్రంలో, అక్కడి భాషలో ఫిఖ్‌హ్‌లో ఉన్నది. దార్శనికుడు దైవం ఎంతవరకు క్షమించగలడని అడిగాడు. ధర్మశాస్త్రజ్ఞుడు అంతకంటె మౌలికమైన ప్రశ్న వేశాడు: క్షమించడానికి అధికారి ఎవరు? ప్రతి శాస్త్రానికీ అధికారిని నిర్ణయించిన తరువాతనే విచారణకు దిగే వేదాంత విద్యార్థికి ఈ ప్రశ్న విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ శాస్త్రం మానవుని బాధ్యతలను రెండుగా విభజిస్తుంది. అల్లాహ్‌కు చెల్లవలసిన హక్కులు ఒక వర్గం, దాసులకు, అనగా సాటి మానవులకు చెల్లవలసిన హక్కులు రెండవ వర్గం. తెలుగువాడు నిత్యం వాడే 'హక్కు', 'బాకీ' అన్న రెండు మాటలూ ఈ అరబ్బీ భాండారం నుండి ఉర్దూ మీదుగా వచ్చినవే కావడం గమనార్హం. ఎగిరిపోయిన నమాజు, భగ్నమైన ఉపవాసం మొదటి వర్గానికి చెందుతాయి. పశ్చాత్తప్తుడై మరలినవానిని అల్లాహ్ క్షమిస్తాడు; అది తన హక్కు గనుక విడిచిపెట్టడం తన ఇష్టం. పొరుగువాని సొమ్ము అపహరించడం, పరోక్షంలో నింద చేయడం, దెబ్బ కొట్టడం రెండవ వర్గానికి చెందుతాయి. ఇక్కడ కథ మారుతుంది. 11వ శతాబ్దపు ఇమాం గజాలీ తన బృహద్గ్రంథం ఇహ్యాలో పశ్చాత్తాపానికి ప్రత్యేక భాగం కేటాయించి, అపహరించిన దానిని తిరిగి ఇవ్వనిదే, బాధితుని ప్రసన్నుని చేసుకొననిదే ఆ పశ్చాత్తాపం పూర్తి కాదని వివరించారు. 13వ శతాబ్దపు ఇమాం నవవీ పశ్చాత్తాపానికి మూడు అంగాలు చెప్పి, మనిషికి చేసిన ద్రోహమైతే నాలుగవ అంగం కూడా తప్పనిసరి అన్నారు. పాపం మానివేయాలి, చేసినందుకు చింతించాలి, మరల చేయనని నిశ్చయించుకోవాలి. ఆ నాలుగవది, బాధితుని బాకీ తీర్చడం.

ఈ భావనకు అత్యంత స్ఫుటమైన చిత్రం సహీహ్ ముస్లింలోని ఒక హదీసులో ఉన్నది. నిజమైన దివాలాకోరు ఎవరని ప్రవక్త ముహమ్మద్ అనుచరులను అడుగుతారు. ధనం లేనివాడని వారంటారు. ప్రవక్త చూపిన దివాలాకోరు వేరు. అతడు తీర్పు దినాన నమాజులు, ఉపవాసాలు, దానధర్మాలు మోసుకుని వస్తాడు. అయితే ఒకరిని దూషించి ఉన్నాడు, ఒకరి సొమ్ము తిని ఉన్నాడు, ఒకరి నెత్తురు చిందించి ఉన్నాడు. అతని పుణ్యం ఆ బాధితులకు పంచబడుతుంది. పుణ్యం చాలకపోతే వారి పాపాలు అతని తలకెక్కుతాయి. ధర్మమార్గంలో ప్రాణమిచ్చిన వీరునికి సకల పాపాలూ క్షమించబడతాయని, ఋణం మాత్రం మినహాయింపని మరొక హదీసు చెబుతుంది. తీర్చే మార్గం చూపక మరణించిన ఋణగ్రస్తుని అంత్యప్రార్థనకు ప్రవక్త తొలినాళ్ళలో ముందు నిలిచేవారు కారు. ఒకసారి అబూ ఖతాదా అనే అనుచరుడు ఆ అప్పు తాను తీరుస్తానని పూనుకున్న తరువాతనే ప్రార్థన జరిగింది. తరువాతి కాలంలో సంపద సమకూరినప్పుడు, తీర్చలేక మరణించిన విశ్వాసుల అప్పులను తామే భరిస్తామని ప్రవక్త ప్రకటించారు. దయ ఇక్కడ ఏ రూపం ధరించిందో చూడవలసి ఉంది. అప్పు చెల్లలేదు గాక, చెల్లిపోయిందని ఎవరూ ప్రకటించలేదు. దయాళువు తన చేతి సొమ్ముతో ఋణదాతకు చెల్లించాడు.

ఇప్పుడు ఆక్షేపకుని రెండు దోషాలనూ మరల పరీక్షించవచ్చు. రాముడు సోముని ఇల్లు కాల్చాడు. రాముడు కన్నీరు పెట్టుకుని ప్రార్థించగా దైవం అతనిని క్షమించింది. సోముడు బూడిదలో కూర్చుని ఉన్నాడు. ఈ క్షమ రామునికి దయ, సోమునికి ఏమిటి? అతని పాలిట అది రెండవసారి జరిగిన అపహరణ. మొదట ఇల్లు పోయింది, ఇప్పుడు ఆ నష్టాన్ని క్షమించే, క్షమించకపోయే స్వాతంత్ర్యం కూడా పోయింది. నైర్ఘృణ్యమంటే ఇదే. ఖురాన్‌లోని 114 సూరాలలో ఒక్క తొమ్మిదవది తప్ప తక్కిన 113 దైవాన్ని రహ్మాన్, రహీమ్ అన్న రెండు దయావాచక నామాలతో స్మరించి ఆరంభమవుతాయి. ఆ ధాతువే తల్లి గర్భాన్ని చెప్పే పదానికి కూడా మూలం. కారుణ్యాన్ని దైవం తనపై తానే విధించుకున్నాడని ఆరవ సూరా అంటుంది. అంతటి దయామయుడు సోముని బాకీ వద్దకు వచ్చి ఆగుతాడు. సోముని మీద కూడా దయ ఉన్నందువల్లనే ఆగుతాడు. దైవం తన అనుగ్రహం నుండి బాధితునికి అధికమైన ఫలమిచ్చి తృప్తి పరచవచ్చునని విద్వాంసులు కొందరు అన్నారు. అక్కడ కూడా బాధితుని తృప్తి దాటి పోవడం లేదు.

పుష్కరాలలో మునిగి, తీర్థంలో తల తడుపుకుని, నిలయ్య పొలం గట్టు జరిపిన పాపం కూడా కొట్టుకుపోయిందని తృప్తి పడేవారు ఏ మతంలోనైనా ఉంటారు. హజ్ యాత్రకు బయలుదేరేవారు ముందుగా అప్పులు తీర్చి, ఇతరుల న్యాసాలు తిరిగి ఇచ్చి, అన్యాయం చేసినవారిని ప్రసన్నులను చేసుకోవాలని గజాలీ అదే ఇహ్యాలో చెప్పారు. నేటికీ యాత్రికులు బయలుదేరే ముందు బంధువుల, ఇరుగుపొరుగుల గడప తొక్కి తప్పులుంటే మన్నించమని అడిగే ఆచారం ఉన్నది. కాబా చేరకముందే సగం యాత్ర వీధిలో జరుగుతుందన్నమాట.

ఇక కంటికి కన్ను. ఆక్షేపకులు ఎక్కువగా నిలిచేది ఇక్కడనే కనుక ఇక్కడ తొందరపడరాదు. ఇస్లాంకు పూర్వపు అరబ్బు తెగలలో ఒక ప్రాణానికి ప్రతీకారంగా తెగలో ఎవరినైనా, ఎందరినైనా చంపే వైరధర్మం చెల్లుబాటయ్యేది. ఖిసాస్ అన్న విధి దానికి కట్ట వేసింది. హంతకుని తప్ప మరొకరిని తాకరాదు, జరిగిన హానికి మించి హాని చేయరాదు. అంతటితో ఆగక రెండవ సూరా, ఐదవ సూరా బాధితపక్షం ముందు మరి రెండు ద్వారాలు తెరిచాయి. దియత్ అనే పరిహారధనం స్వీకరించి విడువవచ్చు. ఏమీ స్వీకరించకుండా పూర్తిగా మన్నించవచ్చు. ఆ మన్నింపు మన్నించినవాని పాపాలకు ప్రాయశ్చిత్తమవుతుందని బోధ. న్యాయాధికారికి, రాజుకు, ప్రజాసమూహానికి లేని ఒక అధికారం గాయపడిన మనిషికి ఇవ్వబడింది. శిక్ష కోరే హక్కు నిజంగా చేతిలో ఉన్నవాడే నిజంగా క్షమించగలడు. ఏ అధికారమూ లేనివాడు పోనీలే అనడం నిస్సహాయతకు పెట్టుకున్న మంచి పేరు.

భాగవత శ్రోతలకు ఇది అపరిచితం కాదు. నిద్రిస్తున్న ఉపపాండవులను ఐదుగురినీ వధించిన అశ్వత్థామను అర్జునుడు బంధించి తెచ్చినప్పుడు వధించవలసిందేనని భీముడు పట్టుబట్టాడు. విడిచిపెట్టమన్నది ద్రౌపది. ఆమె మాటకు ఆ శిబిరంలో మరెవరి మాటకూ లేని బరువు ఎక్కడిది? చచ్చినవారు ఆమె బిడ్డలు. తాను ఏడ్చినట్లు కృపి ఏడవరాదని ఆమె అన్నది. ఆ మాట పోతన తెలుగులో చదివి కన్నీరు పెట్టుకోని ఆస్తికుడు ఉండడు. అదే మాట ధర్మరాజు ముందుగా అని ఉంటే, అది ఉదారతగా కాక తల్లి గుండెపై మరొక గాయంగా మిగిలేది.

2004లో టెహ్రాన్‌లో ఆమెనే బహ్రామీ అనే యువతి ముఖంపై, ఆమె వివాహానికి నిరాకరించిన ఒక యువకుడు ఆమ్లం పోశాడు. రెండు కళ్ళూ పోయాయి. ఆమె స్పెయిన్ వెళ్ళి అనేక శస్త్రచికిత్సలు చేయించుకున్నది, చూపు నిలువలేదు. ఆమె ఖిసాస్ కోరింది. 2008లో ఇరాన్ న్యాయస్థానం అంగీకరించింది. ప్రపంచమంతటా నిరసనలు లేచాయి, క్షమించమని ఆమెకు ఎందరో హితవు చెప్పారు. హితవు చెప్పినవారందరికీ కళ్ళున్నాయి. ఆమె ఏళ్ళ తరబడి లొంగలేదు. 2011 జూలై 31న ఆసుపత్రిలో వైద్యుడు సిద్ధమైన తరుణంలో ఆమె ఆ శిక్షను విడిచిపెట్టింది. ఆ దినాన ఆమె క్షమ విలువ ఆ ఏడు సంవత్సరాల నిరాకరణలో ఉన్నది. ఎవరూ ఆమె తరఫున ముందుగా క్షమించి ఉండకపోవడం వల్లనే అది ఆమెది అయింది.

ఆ శిక్ష స్వయంగా క్రూరం కాదా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఒక వైద్యుని చేత ఒక మనిషి కళ్ళు పోగొట్టించే రాజ్యవ్యవస్థను ఏ అధికారి వాదమూ సుందరం చేయలేదు. స్త్రీ దియత్ పురుషుని దియత్‌లో సగమన్న ప్రాచీన గణనను ఇరాన్ చట్టం మోసుకురావడం కూడా ఐదవ సూరా కోరిన న్యాయదృష్టికి తగినది అనిపించుకోదు. ద్వేషం కూడా న్యాయం నుండి తొలగించరాదని ఆ సూరా ఆదేశిస్తుంది. ద్వేషానికే లేని ఆ వెసులుబాటు అలవాటుకు ఎలా వస్తుంది? ఈ దోషాలను దాచి ఇస్లాంను సమర్థించేవారు దానికి ఉపకారం చేయడం లేదు.

అసలు వివాదం ఇప్పుడు మొదలవుతుంది. క్షమకు అధికారి బాధితుడన్న సూత్రాన్ని నమ్మినట్లు నటించి, ఆ అధికారాన్ని బాధితుని చేతినుండి జారవిడిచిన రాజ్యాలున్నాయి. పాకిస్తాన్‌లో 1860 నాటి శిక్షాస్మృతి హత్యను ప్రధానంగా రాజ్యం విచారించవలసిన నేరంగా చూసింది. 1990లో ఖిసాస్, దియత్ ఆర్డినెన్సు వచ్చి, 1997లో శాశ్వత చట్టమై, వారసులు మన్నిస్తే హంతకుడు బయటపడే మార్గం విశాలమైంది. చెల్లెలిని పరువు పేరిట అన్న చంపితే వారసులెవరు? తల్లిదండ్రులు. హంతకుడెవరు? వారి కుమారుడే. చచ్చినదాని హక్కును కాపాడవలసినవారికి చంపినవాని ప్రాణం మీదనే మమకారం. చంపించినది ఆ కుటుంబమే అయినప్పుడు మన్నించేదీ ఆ కుటుంబమే. దీనికి దయ అన్న పేరు పెట్టడం ఆ పదానికే అవమానం.

2016 జూలైలో ఖందీల్ బలోచ్ ముల్తాన్‌లో సోదరుని చేత హతురాలైంది. ఆ దేశం ఉలిక్కిపడి, అదే ఏడాది అక్టోబరులో చట్టం సవరించి, పరువు హత్యలో వారసులు మన్నించినా ఆజీవ కారాగారం తప్పదన్నది. 2019లో సోదరునికి ఆ శిక్ష పడింది. తల్లి క్షమాపత్రం దాఖలైంది. 2022లో ఉన్నత న్యాయస్థానం అతనిని నిర్దోషిగా విడిచిపెట్టింది. తల్లి దుఃఖాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. కూతురు పోయిన ఇంట్లో కొడుకు కూడా పోరాదనుకోవడం మానవసహజం. ఆమె ఆ క్షమకు అధికారిణి అవునా అన్నదే ప్రశ్న. ద్రౌపది క్షమించినది శత్రువును. తన కడుపున పుట్టినవాని ప్రయోజనం అందులో లేదు.

ధనం విషయంలోనూ ఇంతే. 2011 జనవరిలో లాహోర్ వీధిలో ఇద్దరిని కాల్చి చంపిన అమెరికా గూఢచార సంస్థ ఒప్పంద ఉద్యోగి రేమండ్ డేవిస్, మార్చిలో దియత్ చెల్లింపుపై విడుదలై దేశం దాటిపోయాడు. వారసులకు అందినది 20 లక్షల డాలర్లకు మించినదని వార్తలు వచ్చాయి, వారు స్వేచ్ఛగా అంగీకరించలేదన్న ఆరోపణలూ వచ్చాయి. రెండు రాజ్యాలకు అవసరమైన విడుదలకు ధర్మశాస్త్రం నుండి ఒక మాట అరువు తెచ్చుకున్నారు.

ఇస్లాం ధర్మశాస్త్రానికి ఈ ప్రమాదం తెలియదనుకోవడం పొరపాటు. హంతకుడు హతుని ఆస్తికి వారసుడు కాజాలడన్నది అక్కడ స్థిరమైన నియమం. నేరం నుండి లాభం పొందేవాని చేతిలో హతుని హక్కు పెట్టరాదన్న దృష్టి అందులో స్పష్టం. నమ్మించి మోసంతో చేసిన హత్యలో వారసుల మన్నింపు చెల్లదని మాలికీ సంప్రదాయం నిర్ణయించింది. ఉద్దేశపూర్వక హత్యలో వారసులు విడిచిపెట్టినా నూరు కొరడా దెబ్బలు, ఏడాది నిర్బంధం తప్పదని అదే సంప్రదాయం. సమాజానికి కూడా ఆ నేరంలో ఒక బాకీ ఉన్నదని దాని భావం. సఫ్వాన్ అనే అనుచరుని పైవస్త్రం దొంగిలించినవాడు ప్రవక్త ఎదుటికి తేబడ్డాడు. శిక్ష నిర్ణయమైన తరువాత సఫ్వాన్ మనసు కరిగి, ఆ వస్త్రం అతనికే దానమిచ్చానన్నాడు. ఆ మాట ఇక్కడికి తీసుకురాకముందే అని ఉండవలసిందని ప్రవక్త సమాధానం. క్షమించే అధికారానికి కూడా దేశకాలాల హద్దు ఉన్నది. మఖ్జూమ్ తెగకు చెందిన ఒక గొప్పింటి స్త్రీ దొంగతనం చేసినప్పుడు, ఆమె తరఫున సిఫారసుకు వచ్చిన ప్రియ అనుచరుడు ఉసామాను ప్రవక్త కోపించారు. గొప్పవారిని వదిలి బలహీనులను శిక్షించడమే పూర్వజనుల నాశహేతువని, తన కుమార్తె ఫాతిమా అయినా ఆ చట్టం మారదని ఖండితంగా చెప్పారు. పెద్దింటివారి కోసం జరిగే మధ్యవర్తిత్వాన్ని దయగా ఆయన గుర్తించలేదు. ఇన్ని ప్రమాణాలు ఎదుట ఉండగా, వాటిలో హంతకునికి అనుకూలమైన ఒక్కదానిని ఏరుకుని చట్టం చేసినవారు షరియత్‌ను అమలు చేశామని చెప్పుకోవడం సాహసం.

ఈ చర్చ తెలుగునేలకు దూరపు సంగతి కాదు. గల్ఫ్‌కు వలస వెళ్ళిన ఊళ్ళలో 'బ్లడ్ మనీ' అన్న మాట చదువురాని తల్లులకు కూడా తెలుసు. ఒక నేపాల్ దేశస్థుని మృతికి సంబంధించిన కేసులో సిరిసిల్ల ప్రాంతపు ఐదుగురు కార్మికులు దుబాయి కారాగారంలో సుమారు 18 ఏళ్ళు గడిపి 2024లో ఇల్లు చేరారు. మధ్యలో తెలంగాణ నాయకుడు ఒకరు నేపాల్ వెళ్ళి, మృతుని కుటుంబానికి 15 లక్షల రూపాయలు అందించి క్షమాపత్రం తెచ్చారు. లాహోర్ కథకూ దీనికీ భేదం కంటికి కనిపిస్తూనే ఉన్నది. ఇక్కడ ఒక పేద ఇంటి నుండి మరొక పేద ఇంటి గడపకు వెళ్ళి అడిగారు. భర్తను పోగొట్టుకున్న స్త్రీ ఇవ్వనని కూడా అనగలదు. క్షమాపత్రం అందిన వెంటనే కారాగారం తలుపులు తెరుచుకోలేదు కూడా. మరెన్నో ఏళ్ళు పట్టింది.

దానం విషయంలో కూడా ఇస్లాం ఇదే గీత గీస్తుంది. నిర్ణీత పరిమితి దాటిన సంపదపై ఏటా 2.5 శాతం జకాత్. దీనిని భిక్షగా చూడరాదు. ధనికుని సంపదలో అర్థికీ, అడగలేని దీనునికీ తెలిసిన హక్కు ఉన్నదని 70వ సూరా తాత్పర్యం. జకాత్ ఇచ్చినవాడు ఉదారుడు కాడు, బాకీ తీర్చినవాడు మాత్రమే. ఔదార్యం ఆ పైన సదఖాతో ఆరంభమవుతుంది. దేవఋణ, ఋషిఋణ, పితృఋణాలతో జన్మిస్తాడని వేదం చెప్పిన మానవునికీ, ఈ జకాత్ చెల్లించే మానవునికీ మధ్య గల బంధుత్వాన్ని రెండు వైపులా గుర్తించేవారు తక్కువ. సార్థక జీవనమంటే ఈ దృష్టిలో పెద్ద పదాల వ్యవహారం కాదు. ఎవరికి ఏమి చెల్లవలసి ఉన్నదో ఎరిగి, సంధ్య వేళకు లెక్క చూసుకుంటూ బ్రతకడం.

630లో మక్కా స్వాధీనమైన దినాన, ఇరవై ఏళ్ళు తనను హింసించిన నగరాన్ని ప్రవక్త కొద్దిమంది మినహా మన్నించారు. పినతండ్రి హంజాను బల్లెంతో చంపిన వహ్షీ కూడా తరువాత మన్నింపు పొందాడు. గాయం తనది, రక్తం తన వంశానిది. రెండేళ్ళ తరువాత, 632లో, అరఫాత్ మైదానంలో అంతిమ హజ్ ఉపన్యాసం చేస్తూ అజ్ఞానకాలపు రక్తవైరాలన్నిటినీ రద్దు చేశారు. మొట్టమొదట రద్దయినది తమ బంధువు రబీఆ కుమారునికి, హుదైల్ తెగ చేతిలో హతుడైన పసివానికి, తమ వంశానికి రావలసిన ప్రతీకారం. పిమ్మట వడ్డీ రద్దయింది. మొట్టమొదట రద్దయినది పినతండ్రి అబ్బాస్‌కు రావలసిన వడ్డీ. అసలు మాత్రం ఋణదాతలకే చెందుతుందని రెండవ సూరా నిలిపి ఉంచింది. అప్పు పడినవాడు కష్టంలో ఉంటే తేరుకునేదాకా గడువు ఇవ్వమన్నది; ఆ అసలును కూడా వదులుకోవడం మేలని, అది అప్పు ఇచ్చినవానికే చెప్పింది.